బాబాయి కొత్త చిరునామా

మా బాబాయి మీద మత్తుమందుల నేరం మోపారు. ఒక మంగళవారం పొద్దున, ఆయన కొట్టు తెరిచి టీ తాగుతుండగా.

మోపింది పోలీసులు కాదు, ఫోన్లో అందరూ వాడే ఆ పెద్ద యాప్.

బాబాయి కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. ముప్ఫై నాలుగేళ్లుగా అదే కొట్టు, అదే పని. కొట్టు రైలుపెట్టెలా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఒక గోడ పొడుగునా చెక్కబల్ల, దానిమీద అడుగు మూతలు ఊడదీసిన మిషన్లు. ఎదురుగా వచ్చినవాళ్లు కూర్చోడానికి బెంచీ. స్క్రూలూ స్ప్రింగులూ బిస్కెట్ డబ్బాల్లో ఉంటాయి. ఏ డబ్బా మీదా ఏమీ రాసి ఉండదు. ఊపి, చప్పుడు విని, అందులో ఏముందో చెప్పేస్తాడు.

నాలుగేళ్ల క్రితం ఒకావిడ, "మీరు చెప్పింది ఇంటికెళ్లేలోపు మర్చిపోతాను, ఫోన్లో తీసుకోనా?" అని అడిగి వీడియో తీసుకుంది. అది ఆ చేతా ఈ చేతా పడి ఎక్కడెక్కడికో వెళ్లింది. ఆ తర్వాత మా పిన్ని పోరు మీద "మిషన్ బాబాయి" అని ఒక పేజీ పెట్టాడు. వీడియోల్లో ఆయన మొహం కనపడదు. నూనె మరకల వేళ్లూ గొంతూ మాత్రమే. ఆ వేళ్లకే పన్నెండు వేలమంది అభిమానులయ్యారు.

నేరం జరిగింది సోమవారం. విరిగిన సూది తీసి కొత్తది ఎలా పెట్టాలో చూపిస్తూ ఒక వీడియో చేశాడు. కింద తన చేత్తోనే ఇలా రాశాడు: "మంచి సూదులు కావలసినవాళ్లు కొట్టుకి రండి. మెసేజ్ పెట్టినా రహస్యంగా చెప్తాను ఏది వాడాలో. ఒక్కసారి ఎక్కించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది."

మర్నాడు పేజీ లేదు. పేజీ ఉండాల్సినచోట, నిషేధించిన పదార్థాల అమ్మకాన్ని ప్రోత్సహించినందుకు మీ ఖాతాను శాశ్వతంగా తొలగించాం, అని ఉంది.

నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, పదార్థాలంటే ఏంటి?"

నేను ఆయన అన్న కూతుర్ని. ఊరి లైబ్రరీలో కంప్యూటర్లు చూసుకుంటాను. అందుకని మా ఇంటిల్లిపాదీ ఫోన్లకీ టీవీలకీ, ఒక్కోసారి మిక్సీలకీ కూడా నేనే వైద్యురాలిని. ఆ మధ్యాహ్నం కొట్టుకి వెళ్లి విషయం విడమరిచి చెప్పాను. ఆయనకి అర్థమయ్యేసరికి పక్క కొట్టువాళ్లు కూడా వచ్చి వినేశారు.

"నేను మత్తుమందులు అమ్ముతున్నానా? నేనా? కాఫీ కూడా తాగను కదే!"

"రహస్యంగా అని ఎందుకు రాశావు బాబాయి?"

"ఏ కంపెనీ సూది బాగోదో నలుగురిలో చెప్తే గొడవ కదా, అందుకు."

మా నిర్ణయం తప్పనుకుంటే ఇక్కడ నొక్కండి, అని ఒక బటన్ ఉంది. నొక్కాం. మళ్లీ పరిశీలించాం, మా నిర్ణయంలో మార్పు లేదు, అని నాలుగు సెకన్లలో జవాబు వచ్చింది.

బాబాయి ఫోన్ నా చేతికిచ్చాడు. "నా వీడియో మూడు నిమిషాలుంది. నాలుగు సెకన్లలో ఎలా చూశారమ్మా?"

నేను మొహం విచారంగానే పెట్టాను. చెప్పుకోడానికి సిగ్గేస్తుంది కానీ, లోపల నాకు కలిగింది సంబరం. ఎందుకంటే మూడేళ్లుగా నేను మా వాళ్లందరికీ ఇంకో రకం నెట్‌వర్క్ గురించి చెప్పి చెప్పి అలిసిపోయాను. దానికి ఒక్క కంపెనీ అంటూ ఉండదు. ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకుంటారు; ఆ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒక దాంట్లో చేరితే మిగతావాటిలో ఉన్నవాళ్లతో కూడా మాట్లాడొచ్చు. నేను ఈ సంగతి ఎత్తగానే మా అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. పిన్ని, "దీనికి ఆ పిచ్చొకటి పట్టుకుంది" అనేది. ఇన్నాళ్లకి ఒక మనిషి దొరికాడు. అదీ కాలు విరిగినవాడిలా, పారిపోలేని స్థితిలో.

"అక్కడ యజమాని అంటూ ఎవరూ ఉండరు బాబాయి," అన్నాను.

"మరి కరెంటు బిల్లు ఎవరు కడతారు?"

"ఎవరి సర్వర్‌కి వాళ్లే."

"అంటే యజమానులున్నారు."

"ఉన్నారు. కానీ చాలామంది."

"ఒకడితోనే వేగలేక చస్తుంటే చాలామందంటావేంటమ్మా!"

అయినా వేరే దారి లేక సరేనన్నాడు. సర్వర్ల జాబితా తీశాను. వందల్లో ఉన్నాయి. బాబాయి కళ్లజోడు సవరించుకుని కిందికి జరుపుతూ పోయాడు, జరుపుతూనే పోయాడు.

"ఏది మంచిది?"

"ఏదైనా ఒకటే బాబాయి."

"ఏదైనా ఒకటే అయితే నన్నెందుకు ఎంచుకోమంటున్నారు?"

ఈ ప్రశ్న మూడేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు. జవాబు కూడా తట్టలేదు కాబట్టి, చేతిపనులవాళ్ల కోసం పెట్టిన ఒక సర్వర్ చూపించి అందులో చేరమన్నాను. దాన్ని నడిపేది ఎక్కడో దూరాన ఉన్న ఒక పుస్తకాల బైండరు. చేరాలంటే, మీరెందుకు చేరాలనుకుంటున్నారు, అన్న ప్రశ్నకి జవాబు రాయాలి. బాబాయి నన్ను అటు తిరగమని చెప్పి తనే రాశాడు: "మా అన్న కూతురి పోరు పడలేక."

రెండు రోజులకి బైండరు దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "ఇంత నిజం ఇంతవరకూ ఎవరూ రాయలేదు. రండి."

*

చేరడం అయింది, ఇక చిరునామాతో తంటా మొదలైంది. ఈ నెట్‌వర్క్‌లో మనిషి పేరు చెప్తే సరిపోదు, సర్వర్ పేరు కూడా చెప్పాలి. మధ్యలో ఒక ఎట్, ముందొక ఎట్, చివర్న ఒక డాట్. మిషన్ తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లందరికీ బాబాయి ఓపిగ్గా చెప్పేవాడు. వాళ్లు బుద్ధిగా దాన్ని ఆ పెద్ద యాప్‌లోనే కొట్టి వెతికేవారు.

"దొరకట్లేదండీ."

"అందులో కాదమ్మా, ఇంకోదాంట్లో."

"ఏ ఇంకోదాంట్లో? పేరు చెప్పండి."

"పేరంటే... దానికి చాలా పేర్లున్నాయమ్మా."

అలా అడిగిన ఒకావిడ మిషన్ చంకన పెట్టుకుని, ఈయన నిజంగానే మత్తు సూదులు అమ్ముతున్నాడేమో అన్నట్టు చూసి వెళ్లిపోయింది.

మొదటి వారం ఆయన నాలుగు వీడియోలు, ఆరు ఫోటోలు పెట్టాడు. చప్పుడు లేదు. పెద్ద యాప్‌లో అయితే ఎవరికి ఏది చూపించాలో వాళ్లే చూసుకునేవారు. ఇక్కడ ఎవరికి వారు వెతుక్కుని, ఎంచుకుని చూడాలి. వెతికేవాడికి ముందు వెతకాలని తెలియాలి కదా.

"సినిమా అయిపోయాక హాల్లోకి వచ్చినట్టుందమ్మా," అన్నాడు బాబాయి. "ఊడ్చేవాళ్లు కూడా లేరు."

ఎనిమిదో రోజున మొట్టమొదటి జవాబు వచ్చింది. సంబరంగా తెరిచాడు. ఎవరో ఊరూపేరూ లేని మనిషి: "ఫోటోలో ఏముందో మాటల్లో రాయకుండా ఫోటో పెట్టకూడదని తెలియదా? ముందు ఇక్కడి పద్ధతులు చదువుకుని అప్పుడు రండి."

బాబాయికి చిన్నతనం అనిపించింది. "ఈ వయసులో నన్ను గోడకుర్చీ వేయించారు," అని ఫోన్ బల్లసొరుగులో పడేసి మిషన్ ముందు కూర్చున్నాడు. ఆ పూట ఇంక ఆ ఊసే ఎత్తలేదు. ఈయన కూడా చేజారిపోయాడు అనుకున్నాను.

సాయంత్రం కొట్టు కట్టేముందు ఫోన్ చూసుకుంటే ఇంకో జవాబు ఉంది. రాసింది దుప్పట్లు కుట్టే ఒకావిడ.

"బాబాయి గారూ, ఆ పైనాయన మాటలు పట్టించుకోకండి. కాకపోతే నాకు చూపు లేదు. నా ఫోన్ రాసినవన్నీ పైకి చదువుతుంది. మీ ఫోటో దగ్గరికి వచ్చి 'బొమ్మ' అని ఊరుకుంది. అందులో ఏముందో చెప్తే వినాలని ఉంది. నా మిషన్ నెలరోజులుగా గుడ్డ అడుగున దారం ఉండలు చుట్టేస్తోంది. ఇద్దరు మెకానిక్కులు చూసి, కొత్తది కొనుక్కోమన్నారు."

బాబాయి ఆ నాలుగు ముక్కలు రెండుసార్లు చదివాడు. కట్టబోతున్న కొట్టు మళ్లీ తెరిచి, లైటు వేసి, కూర్చున్నాడు. రాయడం ఆయనకి అంత చేతకాదు. ఆయన చెప్తుంటే పక్కన కూర్చుని నేను టైపు కొట్టాను.

ఉండలు కిందుంటాయి కాబట్టి అందరూ కింద దారం చుట్టి ఉండే బాబిన్‌నే అనుమానిస్తారు, తప్పు ఎక్కువసార్లు పైదారానిదే, అని మొదలుపెట్టాడు. "గుడ్డని నొక్కిపట్టే పాదం ముందు పైకి ఎత్తండి. ఎత్తాకే దారం వెయ్యండి. పాదం దించి ఉంటే లోపల దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు పళ్లు బిగించినట్టు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు. దారం వేశాక పాదం దించి, సూది దగ్గర దారం పట్టుకుని మెల్లగా లాగండి. చెయ్యి పట్టుకుని ఎవరో ఆపుతున్నట్టు బరువుగా రావాలి. గాలిలోంచి వచ్చినట్టు తేలిగ్గా వస్తే దారం ఇంకా బయటే ఉందని." తర్వాత ఫోటోల సంగతికి వచ్చాడు. ఒక్కో ఫోటోకీ ఏ మూల ఏముందో, వేలు పెడితే ఎక్కడ చల్లగా, ఎక్కడ గరుగ్గా తగులుతుందో చెప్పాడు. సూదికి ఒక పక్క చదును ఉంటుందనీ, బొటనవేలి గోరు ఆనిస్తే తెలుస్తుందనీ చెప్పాడు. నేను లైబ్రరీలో ఇన్ని పుస్తకాల మధ్య తిరుగుతాను; ఒక వస్తువు గురించి అంత చక్కగా ఎవరైనా చెప్పగా వినలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ జవాబు. "పాదం దించే దారం వేస్తున్నాను! చూపున్న ఇద్దరు పెద్దమనుషులకి అది కనపడలేదు. రాత్రే కూర్చుని ఒక దుప్పటి అంచు మొత్తం కుట్టేశాను, ఒక్క ఉండ లేదు. కొత్త మిషన్ కొనకుండా ఆపారు, మీ చేతులు చల్లగా ఉండాలి."

బాబాయి ఆ రోజంతా ఈలవేస్తూ పని చేశాడు.

*

ఆ ఊపులో నాకు బుద్ధి పుట్టింది. ఇదే అదననుకుని, బాబాయి దగ్గరికి వచ్చే దర్జీలందర్నీ ఆదివారం మధ్యాహ్నం కొట్టుకి పిలిపించాను. ఎనిమిదిమంది వచ్చారు. పిన్ని అందరికీ టీలు పెట్టింది. నేను గోడకి ఒక అట్ట అతికించి, గుండ్రాలు గీసి, గుండ్రాల మధ్య గీతలు గీసి, స్వేచ్ఛ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను.

కాలర్ మాస్టారు చెయ్యెత్తారు. చొక్కా కాలర్లు కుట్టడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. ఆయన చెయ్యెత్తితే అందరూ ఆగుతారు.

"అమ్మా, ఇదంతా బాగానే ఉంది. ఇప్పుడు మేం ఏం నొక్కాలి?"

నేను చేసిన పెద్ద పొరపాటు, ఎవరికి నచ్చిన సర్వర్ వాళ్లని ఎంచుకోమనడం. స్వేచ్ఛ అన్నాక మరి అలాగే కదా! మాస్టారు అన్నిటికంటే హుందాగా పేరున్నది ఎంచుకున్నారు. తలుపులకీ కిటికీలకీ పరదాలు కుట్టే పరదాల అక్క, "ఎందుకు చేరతావని నన్నడగడానికి ఆ బైండరెవరు?" అని ఏమీ అడగని సర్వర్ చూసుకుంది. పిన్ని "మిషన్ పిన్ని" అని ఇంకోదాంట్లో చేరి, చేరీచేరగానే కేక పెట్టింది.

"ఏవండీ, ఇక్కడ మిషన్ బాబాయి అని ఇంకొకాయన ఉన్నాడు!"

బాబాయి ఆ ఫోన్ లాక్కుని చూశాడు. ఆయన బట్టలు ఉతికే మిషన్లు బాగుచేస్తాడట. "నా పేరు వాడికెలా ఇచ్చారమ్మా?"

"అది వేరే సర్వర్ బాబాయి. ఒక్కో సర్వర్లో ఒక్కో మిషన్ బాబాయి ఉండొచ్చు."

"అంటే నాలాంటివాళ్లు వందమంది ఉండొచ్చా?"

"మీలాంటివాళ్లు ఉండరండీ," అంది పిన్ని. ఓదార్పో వెక్కిరింపో తెలియలేదు.

అప్పుడు బెంచీ మీద గొడవ మొదలైంది. మాస్టారూ పరదాల అక్కా పక్కపక్కనే కూర్చున్నారు. అక్క మాస్టారి చిరునామా కొట్టి వెతికింది, రాలేదు. మాస్టారు అక్కది వెతికారు, రాలేదు. అక్షరం అక్షరం సరిచూసుకున్నారు. అయినా రాలేదు.

"మాస్టారూ, మీరు కావాలనే నన్ను తీసేశారు," అంది అక్క.

"నాకు కలపడమే చేతకావట్లేదమ్మా, తియ్యడం ఎక్కడ చేతనవుతుంది?"

నేను చూశాను. చూసి, ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్లిద్దరూ చేరిన సర్వర్ల యజమానులు రెండేళ్ల క్రితం పోట్లాడుకున్నారు. ఒకాయన సర్వర్లో ఎవరో ఇంకొకాయన్ని తిట్టారట. తిట్టినవాణ్ణి పంపెయ్యమంటే పంపలేదట. దాంతో ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి మొత్తంగా తలుపులు మూసేసింది.

మాస్టారు అంతా విని కళ్లజోడు తీశారు. "ఎక్కడో ఎవరో ఇద్దరు కొట్టుకున్నారు. అందుకని నేను ఈ అమ్మాయితో మాట్లాడకూడదు. ఈ అమ్మాయి మోచెయ్యి నాకు తగులుతోంది కదమ్మా!"

"ఇంకో సర్వర్‌కి మారొచ్చు మాస్టారూ."

"మళ్లీ పాస్‌వర్డా?"

మళ్లీ పాస్‌వర్డే. మొదటి పాస్‌వర్డ్ అప్పటికే మర్చిపోయారు. టీ గ్లాసులు కడిగేలోపు ఒక్కొక్కళ్లే లేచారు. పరదాల అక్క వెళ్తూ నా భుజం తట్టి, "మాకు గీతలూ గుండ్రాలూ వద్దే, పరదా కొక్కేల పట్టీ ఎక్కడ దొరుకుతుందో అడిగితే చెప్పేవాళ్లుంటే చాలు," అంది. వారం తిరిగేసరికి ఎనిమిదిమందిలో ఒక్కరూ లేరు.

*

మూడు వారాలయ్యాక పెద్ద యాప్ నుంచి మెసేజ్ వచ్చింది. పొరపాటు జరిగింది, అసౌకర్యానికి చింతిస్తున్నాం, అని. పేజీ తిరిగొచ్చింది. పన్నెండు వేలమందీ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. ఏమైపోయారు బాబాయి గారూ అని నాలుగు వందల మెసేజ్‌లున్నాయి. బాబాయి అవి చదువుకుంటూ చదువుకుంటూ పిన్నికి కూడా వినిపిస్తూ, కళ్లు తుడుచుకున్నాడు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. "చెయ్యని నేరానికి మూడు వారాలు బయట నిలబెట్టారు. ఎవడు పెట్టాడో, ఎందుకు తీశాడో తెలీదు. మళ్లీ తీసెయ్యరని ఏముంది?"

"తీసేస్తే అప్పుడు చూద్దాం."

"అంతేనా బాబాయి? ఇంత జరిగాక కూడా అక్కడికే వెళ్తావా?"

బాబాయి చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "అమ్మాయ్, కోప్పడకు. నువ్వు చెప్పిందాంట్లో తప్పు లేదు. కానీ అక్కడ పన్నెండు వేలమంది. ఇక్కడ పదకొండు మంది. అందులో నువ్వు రెండుసార్లున్నావు."

నిజమే. నాకు రెండు అకౌంట్లున్నాయి. ఆయన లెక్కపెడతాడని అనుకోలేదు.

నేను నాలుగు రోజులు కొట్టువైపు వెళ్లలేదు. ఐదో రోజు వెళ్తే, ఆయన బల్ల దగ్గర కూర్చుని ఒక ఫోటో కింద ఏదో రాసుకుంటున్నాడు. పెద్ద యాప్ కాదు, బైండరు సర్వరే.

"వదిలేశావనుకున్నాను," అన్నాను.

"దుప్పట్లావిడ అటు రాదట. అక్కడ బొమ్మలకి ఎవరూ మాటలు రాయరట. బెల్టు మార్చడం చెప్పమంది. ఇదిగో, చెప్తున్నా." రాస్తూనే, "ఇలా రాస్తుంటే నాకూ కొత్త సంగతులు తెలుస్తున్నాయే. ముప్ఫై నాలుగేళ్లు చేత్తో చేశాను, నోటితో ఎప్పుడూ చెప్పలేదు," అన్నాడు.

ఒకే పాఠం రెండు చోట్లా పెట్టడం అలవాటైపోయింది ఆయనకి. అలా నలభై పాఠాలయ్యాయి. దుప్పట్లావిడ తనలాంటి ఇంకో ఐదుగుర్ని పిలుచుకొచ్చింది. ఒకాయన చేతిసంచులు కుడతాడు. ఒకమ్మాయి కుట్టు అప్పుడే నేర్చుకుంటోంది. బాబాయికి అక్కడ కూడా ఒక చిన్న బెంచీ నిండింది.

అంతలో బైండరు ఒక కబురు పెట్టాడు. "మిత్రులారా, ఆరేళ్లుగా ఒక్కణ్ణే నడుపుతున్నాను. అలిసిపోయాను. ఇంకో నెలలో ఈ సర్వర్ మూసేస్తాను. ఎవరైనా తీసుకుంటానంటే సంతోషంగా ఇచ్చేస్తాను."

బాబాయి నా మొహంలోకి చూశాడు. "మూసేస్తే ఏమవుతుంది?"

"ఇంకో సర్వర్‌కి మారొచ్చు. మనతో ఉన్న మనుషులు మనతో వస్తారు."

"రాసినవి?"

"అవి రావు బాబాయి."

ఆ సాయంత్రమే దుప్పట్లావిడ రాసింది. "ఆ నలభై పాఠాలూ పోతే నాకు మళ్లీ ఎవరు చెప్తారండీ? ఏదైనా మర్చిపోతే పాత పాఠం మళ్లీ మళ్లీ చదివించుకుంటాను."

బాబాయి ఫోన్ నా ముందు పెట్టాడు. "నువ్వు తీసుకోవచ్చు కదా?"

మూడేళ్లు ఇంటింటా ఉపన్యాసాలిచ్చిన దాన్ని, ఆ మాటకి నీళ్లు నమిలాను. సర్వర్ నడపడం నాకు తెలుసు, లైబ్రరీలో రోజూ చేసే పనే. కానీ సర్వర్‌లో మనుషులుంటారు. వాళ్ల పాస్‌వర్డులు, వాళ్ల అలకలు, వాళ్ల తగాదాలు. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు నడుపుతారులే అని నమ్మకంగా ఉన్నాను. ఆ ఎవరో ఒకరు నేనే అవుతానని ఎప్పుడూ అనుకోలేదు.

బైండరుతో ఫోన్లో మాట్లాడాను. మెత్తటి గొంతు. "మెషీన్ సంగతి తేలికేనమ్మా, ఒక్క పూటలో నేర్పేస్తాను. ఫిర్యాదులు చదివేటప్పుడు మాత్రం కడుపు నిండా తినండి. ఖాళీ కడుపుతో చదివితే అందరి మీదా కోపమొస్తుంది."

తీసుకున్నాను.

*

ఈసారి అట్టలు అతికించలేదు. లైబ్రరీ సెలవురోజున దర్జీల కొట్లకి ఒక్కో కొట్టుకీ నేనే వెళ్లాను. పక్కన కూర్చుని, వాళ్ల ఫోన్లోనే, అందర్నీ ఒకే సర్వర్లో చేర్చాను. ఇంట్లో అమ్మనీ పిన్నినీ కూడా వదల్లేదు. పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి, కత్తెర పెట్టుకునే సొరుగులో పెట్టించాను. స్వేచ్ఛ అన్న మాట ఎక్కడా ఎత్తలేదు.

కాలర్ మాస్టారు అనుమానంగా చూశారు. "మళ్లీ అదేనా?"

"అదే మాస్టారూ. కాకపోతే ఈసారి అందరూ ఒకేచోట. పరదాల అక్క కనపడుతుంది."

"కనపడకపోయినా పరవాలేదు, అది ఎదురింట్లోనే ఉంటుంది," అన్నారు కానీ, ఫోన్ ఇచ్చారు.

ఆ రాకపోకల్లో ఒక సంగతి గమనించాను. ఎవరూ నన్ను ఈ నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందని అడగలేదు. అందులో ఎవరెవరున్నారని అడిగారు. పరదాల అక్క చేరగానే కొక్కేల పట్టీ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. గంటలో సంచుల ఆయన చెప్పాడు. ఆ ఒక్క గంటతో అక్క నాకు ఇంకో నలుగుర్ని తెచ్చిపెట్టింది. నేను మూడేళ్లలో తెచ్చింది ఒక్క బాబాయిని, అదీ ఆయన కష్టంలో ఉన్నప్పుడు.

ఇప్పుడు ముప్ఫై ఒక్కమందిమి. పెద్ద యాప్ ముందు ఇది ఏ మూలకి? బాబాయికి అక్కడ పదమూడు వేలు దాటారు. అక్కడా ఫోటోల కింద మాటలు రాస్తున్నాడు. ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నారండీ అని అడిగితే, చదివేవాళ్లు చదువుకుంటారు అంటాడు.

ఇంక నా మొదటి ఫిర్యాదు సంగతి.

సర్వర్ తీసుకున్న మూడో వారంలో, బైండరు చెప్పినట్టు కడుపు నిండా తిని ఫిర్యాదుల పేజీ తెరిచాను. ఒకటుంది. చేసింది మా అమ్మ. పిన్ని మీద. కారణం అన్నచోట, ఉన్న ఐదింటిలో 'హింస, బెదిరింపు' అన్నది నొక్కింది.

పిన్ని పెట్టిన పోస్ట్ ఇది: "కొంతమంది కుట్టిన దిండు గలీబులు ఒక్క ఉతుక్కే ఊడిపోతాయి. మా ఇంటికి వచ్చినవి ఆరూ అలాగే ఊడాయి."

అమ్మకి ఫోన్ చేశాను. "ఇందులో హింస ఏముందమ్మా?"

"నాకు గుండె దడొచ్చింది. అది హింస కాదా? ఆ ఆరు గలీబులు ఎవరు కుట్టిచ్చారో ఊరందరికీ తెలుసు. ముందది తీసెయ్."

పిన్నికి ఫోన్ చేశాను. "నేను పేరు రాశానా? రాయలేదు కదా. తీస్తే మాత్రం నేను ఇందులోంచి వెళ్లిపోతాను. నాతోపాటు మీ బాబాయి కూడా వస్తాడు."

వెనకనుంచి బాబాయి గొంతు వినిపించింది: "నేనెక్కడికీ రాను, నన్ను ఇందులోకి లాగకు."

ఒకరు కన్నతల్లి, ఒకరు పెంచినంత పని చేసిన పిన్ని. బైండరుకి రాసి సలహా అడిగాను. "మీ అమ్మగారా? ఆరేళ్లలో నాకు అంత కష్టం రాలేదు తల్లీ," అని ఊరుకున్నాడు. పెద్ద యాప్‌వాళ్ల నాలుగు సెకన్ల మీద నాకు మొదటిసారి కాస్త జాలి కలిగింది. ఒక్క గలీబు తగవుకి నాకు మూడు రోజులు పట్టింది, తీర్పు అప్పటికీ తేలలేదు.

నాలుగో రోజు చూసేసరికి ఆ పోస్ట్ కింద దుప్పట్లావిడ రాసింది. గలీబు ఊడకుండా ఉండాలంటే ముందు మంచి పక్క బయటికి పెట్టి సన్నగా కుట్టి, తిరగేసి, ఆ అంచు లోపలికి పోయేలా మళ్లీ కుట్టాలట. అప్పుడు పోగులు లోపలే చిక్కుకుపోతాయట, వేలితో తడిమినా తగలవట. దాని కింద అమ్మ అడిగింది: "మొదటి కుట్టు ఎంత ఎడంలో వెయ్యాలండీ?" దాని కింద పిన్ని: "అక్కా, చిటికెనవేలి గోరంత చాలు. నిన్న నేను ఒకటి కుట్టి చూశాను, రేపు తెస్తాను." దాని కింద మాస్టారు, కాలర్‌కి కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా రాదా అని ఒక పెద్ద చర్చ లేవదీశారు. మొత్తం నలభై మూడు జవాబులు. మా సర్వర్లో అంత సందడి ఎప్పుడూ లేదు.

అమ్మకి ఫోన్ చేసి, "ఇంక ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా?" అని అడిగాను.

అటునుంచి మిషన్ తొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎందుకులే, ఉండనీ," అంది. "మీ పిన్ని సంగతి నీకు తెలీదు."